అమెరికా పౌరశాస్త్రము, తెలుగు పరిభాష: ‘రాష్ట్ర’ శబ్దము మొదలుగా కొన్ని పదముల విచారము

1. ప్రస్తావన

విజ్ఞాన చంద్రికా గ్రంథమాలలో ప్రథమ గ్రంథముగా 1907లో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్ర వెలువడినది. అమెరికా ప్రభుత్వపద్ధతిని తెలుగు వాక్యములలో చెప్పవలసిన అవసరము నాటినుండియు కలదు. 1950లో భారత రాజ్యాంగము అమలులోనికి వచ్చిన పిదప రాష్ట్రము, కేంద్రము, గవర్నరు, రాజ్యసభ మొదలగు మాటలు సామాన్యజనుల నోటను స్థిరపడినవి. అమెరికా వ్యవస్థను వివరించునపుడు తెలుగు రచయితలు సహజముగా ఈ మాటలనే గ్రహించిరి. మాట ఒకటియే, దాని వెనుకనున్న వ్యవస్థలు మాత్రము రెండు. ఎచ్చట అర్థము కలియునో, ఎచ్చట కలియదో కొన్ని ముఖ్యపదముల మూలమున చూపుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఇది గ్రంథాలయమునకు మాత్రమే పరిమితమైన చర్చ కాదు. అమెరికా పౌరసత్వము కోరువారు ఆ దేశపు చరిత్రను, ప్రభుత్వ విధానమును గూర్చిన ప్రశ్నలకు నోటిమాటగా సమాధానము చెప్పవలెను. 50 ఏండ్లు నిండి, శాశ్వత నివాసులుగా 20 ఏండ్లు గడపినవారికిని, 55 ఏండ్లు నిండి 15 ఏండ్లు గడపినవారికిని ఆంగ్ల పరీక్షనుండి మినహాయింపు కలదు. వారు దుబాసీ సహాయముతో తమ భాషలోనే ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పవచ్చును. కావున బిడ్డలవద్దకు వెళ్లి అచ్చట స్థిరపడిన వృద్ధులకు తెలుగు పారిభాషిక పదము పరీక్షా సాధనమే. పదము దారి తప్పించినచో పౌరసత్వమే సందిగ్ధమున పడవచ్చును.

2. మోప్కా: రెండు భాషల కూడలి

ఈ విచారణకు ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పురమును ఆనుకొనియున్న మోప్కా తగిన ఉదాహరణము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఉత్తర కోస్తా తెలుగుసీమను, మధ్యరాష్ట్రములను, కలకత్తాను ఒక్క వ్యవస్థలో చేర్చినది. 1931లో విజయనగరము–రాయపూరు మార్గము పూర్తియై రాకపోకలు మరింత సులభమయ్యెను. రైల్వే కొలువులను బట్టి తెలుగు కుటుంబములు బిలాస్‌పుర ప్రాంతమున స్థిరపడినవి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పురమే ప్రధాన కేంద్రమయ్యెను.

ఇట్టిచోట పెరిగెడు తెలుగు బాలుడు ఇంట తెలుగును, బడిలో హిందీని వినును. హిందీలో ఛత్తీస్‌గఢ్ ‘రాజ్య’; భారతదేశము ‘రాష్ట్ర’. తెలుగులో ఛత్తీస్‌గఢ్ ‘రాష్ట్రము’. ‘రాజ్యము’ అనగా రాజు పాలించు భూమి, లేదా శాస్త్రార్థమున సార్వభౌమాధికారము గల వ్యవస్థ. హిందీ ‘సంవిధాన్’ తెలుగున ‘రాజ్యాంగము’. ఈ తారుమారు అంతటితో ఆగదు. తెలుగున ‘సంయుక్త రాష్ట్రములు’ అనగా అమెరికా. హిందీలో ‘సంయుక్త రాష్ట్ర’ అనగా తెలుగువారి ఐక్యరాజ్యసమితి. అమెరికాను హిందీ ‘సంయుక్త రాజ్య అమెరికా’ యనును. ఒకే సంస్కృత పదముల జంట రెండు భాషలలో పరస్పరము స్థానములు మార్చుకొన్నది.

తక్కిన దేశభాషలను చూచినచో తెలుగు ప్రయోగము యొక్క విశిష్టత తెలియును. కన్నడమున ‘రాజ్య’, మరాఠీలో ‘రాజ్య’, మలయాళమున ‘సంస్థానము’, తమిళమున ‘మానిలము’ అను మాటలు రాష్ట్రార్థమున వాడబడుచున్నవి. కన్నడ, మరాఠీ, మలయాళములలో ‘రాష్ట్ర’ శబ్దము జాతిని, దేశమును తెలుపును. తెలుగులో మాత్రము అది దేశములోని భాగము. అయినను రాష్ట్రపతి, రాష్ట్రీయ అను సమాసములు హిందీ అర్థముతోనే తెలుగున ప్రవేశించినవి. అందుచేత తెలుగున రాష్ట్రపతి రాష్ట్రమునకు పతి కాడు, దేశమునకు అధిపతి.

3. శబ్దచరిత్ర

తెలుగు ప్రయోగము నిరాధారము కాదు. ప్రాచీన అర్థశాస్త్ర ధర్మశాస్త్ర సంప్రదాయమున రాజ్యమునకు ఏడు అంగములు చెప్పబడినవి. కౌటిల్యుడు జనపదమని పేర్కొనిన అంగమునకు మనుస్మృతిలోను, అమరకోశములోను ‘రాష్ట్రము’ అను పేరు కానవచ్చును. అనగా రాజ్యము అంగి, రాష్ట్రము అంగము. ‘రాజ్యాంగము’ అను మాటకును మొదటి అర్థము ఇదియే. శాసనవ్యవస్థ అను అర్థము ఆధునికము. తెలుగుదేశపు ప్రాచీన శాసనములలో కర్మరాష్ట్రము, ముండరాష్ట్రము అనునవి రాజ్యములోని విభాగముల పేర్లు. విజయనగర కాలమున ఉదయగిరి రాజ్యము, పెనుగొండ రాజ్యము అని విభాగములకే రాజ్య శబ్దము చెల్లినది. హిందీ కన్నడముల నేటి ప్రయోగమునకు అది సమీపము.

ఈ చరిత్రవలన తేలునది యేమనగా, తెలుగు ‘రాష్ట్రము’ అను మాటలో ‘మొత్తమునుండి విడదీయబడిన భాగము’ అను భావము ఇమిడియున్నది. అమెరికా వ్యవస్థకు వచ్చుసరికి చిక్కు ఇచ్చటనే పుట్టుచున్నది.

4. భాగము ముందా, మొత్తము ముందా

అమెరికాలో భాగములే ముందు. 1776లో 13 వలసలు స్వాతంత్ర్యము ప్రకటించుకొని వేర్వేరు ప్రభుత్వములుగా నిలిచినవి. 1781లో అవి వదులైన సమితిగా కలిసినవి. ఆ ఏర్పాటు బలహీనమని తోచగా 1787లో ఫిలడెల్ఫియాలో నేటి రాజ్యాంగమును రచించిరి. 1788లో తొమ్మిదవ రాష్ట్రము ఆమోదించుటతో అది చెల్లుబాటయ్యెను; 1789లో నూతన ప్రభుత్వము ఆరంభమయ్యెను. అచ్చటి ప్రతి రాష్ట్రమునకు స్వంత రాజ్యాంగము కలదు. కేంద్రమునకు ఒసగబడని అధికారములు రాష్ట్రములకు గాని ప్రజలకు గాని చెందునని 1791 నాటి పదవ సవరణము చెప్పుచున్నది. భారతదేశమున అట్టి శేషాధికారములు 248వ అధికరణమును బట్టి పార్లమెంటునకు చెందును.

మోప్కా చరిత్ర దీనికి ఎదురు ఉదాహరణము. ఆ భూమి స్వాతంత్ర్యము వచ్చునాటికి మధ్యపరగణాలు–బెరారులోనిది. 1950 నుండి మధ్యప్రదేశ్‌లోనిది. 1956 నవంబరు 1న ఆ రాష్ట్రమునకు ఎల్లలు మారి, రాజధాని నాగపురమునుండి భోపాలునకు పోయినది. 2000 నవంబరు 1న అది ఛత్తీస్‌గఢ్ అయ్యెను. రాయపూరు రాజధాని, బిలాస్‌పురము ఉన్నత న్యాయస్థానమునకు స్థానము. ఇంటి గడప కదలలేదు. రాష్ట్రము మాత్రము మారినది.

ఈ మార్పులకు మూలము భారత రాజ్యాంగము నందలి 3వ అధికరణము. రాష్ట్రములను విభజించుటకును, కలుపుటకును, పేరు మార్చుటకును సామాన్య శాసనముచేత పార్లమెంటునకు అధికారము కలదు. సంబంధిత శాసనసభ అభిప్రాయమును కోరవలెను గాని దానికి పార్లమెంటు బద్ధము కాదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించినను పార్లమెంటు దానిని ఆమోదించినది. జూన్ 2న తెలంగాణము అవతరించినది. అమెరికాలో ఇది అసాధ్యము. అచ్చటి రాజ్యాంగపు నాలుగవ ప్రకరణమును బట్టి, ఒక రాష్ట్రములోనుండి మరియొక దానిని ఏర్పరచుటకు ఆ రాష్ట్ర శాసనసభ సమ్మతియు, కాంగ్రెసు సమ్మతియు రెండును కావలెను. 1820లో మెయిన్ రాష్ట్రము మసాచుసెట్సు సమ్మతితో వేరుపడినది. అంతర్యుద్ధ మధ్యమున 1863లో పశ్చిమ వర్జీనియా ఏర్పడినపుడు సైతము, కేంద్రపక్షమున నిలిచిన వర్జీనియా ప్రభుత్వముచేత సమ్మతి చెప్పించి నియమమును నెరవేర్చిరి. అయితే రాష్ట్రమునకు విడిపోవు హక్కు లేదు; 1869లో టెక్సాసు వివాదమున సుప్రీముకోర్టు ఈ సంగతిని నిశ్చయించినది.

5. గవర్నరు, సెక్రెటరీ, కాంగ్రెసు

‘గవర్నరు’ అను మాట రెండు దేశములలో ఒకటే. భారతదేశమున గవర్నరును రాష్ట్రపతి నియమించును. వాస్తవ పరిపాలనము ముఖ్యమంత్రిది. అమెరికాలో గవర్నరును ఆ రాష్ట్ర ప్రజలే ఎన్నుకొందురు, అతడే పరిపాలనాధినేత. ‘నీ రాష్ట్రపు గవర్నరు ఎవరు?’ అను ప్రశ్న పౌరసత్వ పరీక్షలో కలదు. రాయపూరు రాజభవనమును తలచుకొని దానిని అలంకార పదవిగా భావించినవానికి ఆ ప్రశ్న యొక్క ప్రాధాన్యము తెలియదు.

‘లెఫ్టినెంటు గవర్నరు’ మరింత భ్రాంతిజనకము. భారతీయ పాఠకునకు అది ఢిల్లీ వంటి కేంద్రపాలిత ప్రాంతమున కేంద్రము నియమించు అధికారి. అమెరికాలో అది రాష్ట్రమున రెండవ పదవి. హైదరాబాదులో జన్మించిన తెలుగు మహిళ అరుణా మిల్లర్ 2022 నవంబరులో మేరీలాండు రాష్ట్రమునకు ఆ పదవికి ప్రజలచేత ఎన్నికై, 2023 జనవరిలో బాధ్యత స్వీకరించిరి. ‘ఉపగవర్నరు’ అని దానిని తెలిగించినచో అర్థము సుబోధమగును.

‘సెక్రెటరీ’ని కార్యదర్శి యనుట వాడుక. భారతీయ పాలనలో కార్యదర్శి మంత్రికి లోబడిన ఉద్యోగి. అమెరికాలో సెక్రెటరీయే శాఖాధిపతి. అధ్యక్షుని మంత్రివర్గ సభ్యుడు. అయితే ఆ మంత్రి శాసనసభ సభ్యుడుగా నుండరాదు. సభకు కాక అధ్యక్షునకే జవాబుదారి. విదేశాంగశాఖ ఆంగ్లనామమును ‘రాష్ట్ర కార్యదర్శి’ యని అనువదించినచో రెండు మాటలును తప్పు. అందలి ‘స్టేటు’ శబ్దమునకు ఇచ్చట రాజ్యమని అర్థము. రాష్ట్రములతో సంబంధము లేదు. బ్రిటిషు పాలనలో 1947 వరకు ఇండియా వ్యవహారములు చూచిన మంత్రి పదవీనామములోను ఆ శబ్దమునకు ఇదే అర్థము. ‘విదేశాంగమంత్రి’ అనుటయే యుక్తము.

‘కాంగ్రెసు’ అమెరికాలో శాసనసభ పేరు. 1885 నుండి భారతదేశమున రాజకీయసంస్థ పేరు. ‘అమెరికా కాంగ్రెసు’ అని విశేషణము చేర్చుట, లేదా ‘జాతీయ శాసనసభ’ యనుట మేలు. అందు ప్రతినిధి సభలో 435 మంది, సెనేటులో 100 మంది సభ్యులు. ప్రతినిధుల పదవీకాలము 2 ఏండ్లు, సెనేటరులది 6 ఏండ్లు. సెనేటును రాజ్యసభతో పోల్చుట ఆచారము గాని, పోలిక కొంతవరకే. రాజ్యసభ స్థానములు జనసంఖ్యను బట్టి కేటాయింపబడినవి: ఛత్తీస్‌గఢ్‌కు 5, తెలంగాణమునకు 7, ఆంధ్రప్రదేశ్‌కు 11. సెనేటులో చిన్న రాష్ట్రమునకును, పెద్ద రాష్ట్రమునకును సమానముగా ఇద్దరేసి సభ్యులు. 1913 నాటి 17వ సవరణము పిదప సెనేటరులను ప్రజలే నేరుగా ఎన్నుకొనుచున్నారు. రాజ్యసభకు శాసనసభ్యులు ఎన్నుకొందురు.

6. అధ్యక్షుడు, ఎన్నికలు

అమెరికా దేశాధినేతకు ‘రాష్ట్రపతి’ యని గాక ‘అధ్యక్షుడు’ అని తెలుగు పత్రికలు వాడుట మంచి సంప్రదాయము. భారత రాష్ట్రపతి మంత్రిమండలి సలహాను అనుసరించును. అమెరికా అధ్యక్షుడు తానే పరిపాలకుడు. ఇద్దరికిని కనీస వయస్సు 35 ఏండ్లే. రెండు దేశములలోను క్రింది సభకు 25, పై సభకు 30 ఏండ్లు ఉండవలెను. సంఖ్యలు కలిసినను నియమములు కలియవు: అమెరికా అధ్యక్షుడు జన్మతః పౌరుడై యుండవలెను, భారత రాష్ట్రపతికి అట్టి నిబంధన లేదు. 1951 నాటి 22వ సవరణమును బట్టి అమెరికా అధ్యక్షపదవికి రెండుసార్లకంటె ఎక్కువ ఎన్నిక కారాదు.

ఇద్దరిని ఎన్నుకొనునదియు ‘నిర్వాచక గణము’ అను పేరిటి సంస్థయే. భారతదేశమున ఎన్నికైన పార్లమెంటు సభ్యులును, శాసనసభ్యులును కలసి ఆ గణమగుదురు. అమెరికాలో ఆ పనికై ప్రత్యేకముగా 538 మంది ఎన్నుకొనబడుదురు. ఒక్కొక్క రాష్ట్రమునకు ప్రతినిధుల, సెనేటరుల మొత్తము ఎంతయో అంతమంది. రాజధాని ప్రాంతమునకు ముగ్గురు. గెలుపునకు 270 ఓట్లు కావలెను. 48 రాష్ట్రములలో అధిక సంఖ్యాక ఓట్లు పొందినవానికే ఆ రాష్ట్రపు గణమంతయు లభించును. మెయిన్, నెబ్రాస్కాలలో కొంత విభజన కలదు. ఇందువలన దేశమంతట తక్కువ ఓట్లు వచ్చినవాడు 2000లోను, 2016లోను అధ్యక్షుడయ్యెను. ఎవరికిని ఆధిక్యము రానిచో ప్రతినిధి సభ రాష్ట్రమునకు ఒక్క ఓటు చొప్పున నిర్ణయించును. అధ్యక్షుని ఎన్నిక రాష్ట్రముల ఎన్నికల సముదాయమే గాని ఒక్కటే ఎన్నిక కాదనుట ఇందువలన స్పష్టము.

నిర్వహణములోను భేదము ఇట్టిదే. 324వ అధికరణముచేత ఏర్పడిన ఎన్నికల సంఘము మోప్కాలోని ఓటరుకును, మచిలీపట్నములోని ఓటరుకును ఒక్క పద్ధతిన పార్లమెంటు, శాసనసభల ఎన్నికలు నడుపును. అమెరికాలో ఓటర్ల నమోదు, ఓటు పత్రము, లెక్కింపు రాష్ట్రముల, జిల్లాల చేతిలో నుండును. ఓటు వయస్సు మాత్రము రెండుచోట్లను 18. అమెరికాలో 1971 నాటి 26వ సవరణముచేతను, భారతదేశమున 1988 నాటి 61వ సవరణముచేతను ఇది నెలకొన్నది.

‘అభిశంసన’ అను మాట తెలుగు వార్తలలో ‘పదవినుండి తొలగించుట’గా తరచు అర్థము చేసికొనబడుచున్నది. అమెరికాలో అభిశంసన యనగా ప్రతినిధి సభ నేరారోపణము చేయుట మాత్రమే. తొలగింపునకు సెనేటులో మూడింట రెండువంతుల ఓట్లు కావలెను. 1868లో ఆండ్రూ జాన్సను, 1998లో క్లింటను, 2019లోను 2021లోను ట్రంపు అభిశంసితులైరి. ఒక్కరిని కూడ సెనేటు దోషిగా నిర్ణయింపలేదు.

7. న్యాయస్థానములు, చట్టము

బిలాస్‌పురపు ఉన్నత న్యాయస్థానము కేంద్ర శాసనములను, రాష్ట్ర శాసనములను రెండింటిని వ్యాఖ్యానించును, దానిపైన సుప్రీముకోర్టు. న్యాయవ్యవస్థ ఒక్కటే శ్రేణి. అమెరికాలో కేంద్ర న్యాయస్థానములు వేరు, రాష్ట్ర న్యాయస్థానములు వేరు. రాష్ట్ర చట్టముయొక్క అర్థమును నిర్ణయించుటలో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానముదే తుదిమాట. కేంద్ర న్యాయాధిపతులను సెనేటు సమ్మతితో అధ్యక్షుడు నియమించును. వారికి విరమణ వయస్సు లేదు. పెక్కు రాష్ట్రములలో న్యాయాధిపతులకు సైతము ఎన్నికలు కలవు. నేరచట్టమును రాష్ట్రములే వేర్వేరుగా చేసికొన్నవి. భారతదేశమున 1860 నాటి శిక్షాస్మృతియు, 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ న్యాయ సంహితయు విజయనగరమునుండి బిలాస్‌పురము వరకు ఒక్కటే.

అనువాదమున ఒక్క పదము ఎంతటి బరువును మోయగలదో తెలుపుటకు మరియొక ఉదాహరణము చాలును. అమెరికా రాజ్యాంగపు 5, 14 సవరణములు ‘న్యాయోచిత ప్రక్రియ’ లేనిదే ప్రాణమును, స్వేచ్ఛను, ఆస్తిని హరింపరాదని చెప్పుచున్నవి. ఆ మాటను ఆధారము చేసికొని న్యాయస్థానములు శాసనముల ఔచిత్యమునే విచారింపవచ్చును. 1947లో రాజ్యాంగ సలహాదారు బెనెగళ్ నరసింగరావుగారు అమెరికా వెళ్లి న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్ మున్నగువారితో చర్చించిరి. తుదకు 21వ అధికరణమున ఆ మాటకు బదులు ‘చట్టముచే ఏర్పరుపబడిన విధానము’ అను మాట నిలిచినది. అది బుద్ధిపూర్వకమైన ఎంపిక. 1978లో మేనకాగాంధీ వివాదమున సుప్రీముకోర్టు ఆ విధానము న్యాయసమ్మతముగా నుండవలెనని చెప్పి రెండు భావములను దగ్గరకు చేర్చినది. రెండు పదబంధములను తెలుగున ఒక్క మాటతోనే చెప్పినచో రాజ్యాంగపరిషత్తు చర్చయు, 1978 తీర్పుయు అర్థరహితములగును.

‘జూరీ’కి మాత్రము క్రొత్త పదము కల్పింప నక్కరలేదు. బొంబాయిలో 1959 నాటి నానావతి విచారణచేత ఆ మాట జనబాహుళ్యమునకు తెలిసినది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో జూరీకి చోటు లేకపోయెను. అమెరికాలో అది సజీవసంస్థ. జూరీ సేవ పౌరుని బాధ్యతలలో ఒకటి.

8. దుబాసీ ముందు

2008 నాటి పౌరసత్వ పరీక్షకు 100 ప్రశ్నల పట్టిక. పదింటివరకు అడిగి ఆరింటికి సరియైన సమాధానమును కోరుదురు. 2025 అక్టోబరు 20 నుండి దాఖలైన దరఖాస్తులకు 128 ప్రశ్నల పట్టిక. ఇరువదింటివరకు అడిగి పండ్రెండింటికి సమాధానము కోరుదురు. 65 ఏండ్లు నిండి 20 ఏండ్లు శాశ్వత నివాసులైనవారికి మాత్రము చిన్న పట్టిక కలదు.

రాష్ట్రములకు మాత్రమే గల అధికారము ఒకటి చెప్పుమను ప్రశ్నకు బడిచదువు, డ్రైవింగు లైసెన్సు అనునవి సరియైన సమాధానములు. భారతదేశమున విద్య 1976 నుండి ఉమ్మడి జాబితాలోనిది. లైసెన్సు 1988 నాటి కేంద్ర చట్టమును బట్టి వచ్చునది. మోప్కానుండి వెళ్లిన తల్లికి దుబాసీ ‘రాష్ట్రము’ అనిన మాట వినబడినపుడు ఏ బొమ్మ మనస్సున నిలుచునో, ఆమె సమాధానము దానినే అనుసరించును. మంత్రివర్గ పదవులను పేర్కొనుమనునపుడు ‘కార్యదర్శులెవరు?’ అని దుబాసీ అనువదించినచో ఆమె గుమాస్తాలను, కచేరీని తలచుకొనును. తెలిసిన విషయమే తెలియనిదగును.

9. ఫలితార్థము

పై విచారణవలన మూడు నియమములు తేలుచున్నవి. వ్యవస్థలు చాలవరకు కలిసినచోట తెలుగుపదమునే నిలిపి మొదటి ప్రయోగమున భేదమును చెప్పవలెను. రాష్ట్రము, గవర్నరు, నిర్వాచక గణము ఇట్టివి. పదము కలిసి పదవి కలియనిచోట పదవిని బట్టి అనువదింపవలెను. విదేశాంగమంత్రి, ఉపగవర్నరు, అధ్యక్షుడు ఇట్టివి. రెండు రాజ్యాంగములు బుద్ధిపూర్వకముగా వేర్వేరు మాటలు వాడినచోట తెలుగును రెండు మాటలనే వాడవలెను. న్యాయోచిత ప్రక్రియ, చట్టముచే ఏర్పరుపబడిన విధానము ఇట్టివి.

‘రాష్ట్ర’ శబ్దమును మార్చవలసిన పని లేదు. దానికి శాసనకాలమునుండి తెలుగుదేశమున చరిత్ర కలదు. అంగమని తెలుపుటలో అది సంస్కృత సంప్రదాయమునకును సమ్మతము. అమెరికాలో అంగములే ముందుగా పుట్టి అంగిని నిర్మించుకొన్నవని ఒక్క వాక్యము దానికి జతపరచిన చాలును. ఆ వాక్యము పాఠ్యగ్రంథమున ఉన్నచో విద్యార్థికిని, దుబాసీ నోట ఉన్నచో పరీక్షార్థికిని సమానముగా ఉపకరించును.